మూడు కాగితాలు, ఒక పిల్ల

పిల్లల మనసులోని ఇబ్బందులు కనిపెట్టడానికి వాడే ఎస్‌డీక్యూ అనే ఫారానికి నా మార్కు: అయిదు నక్షత్రాలకి నాలుగు. చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు. ఓపిక ఉన్నవాళ్ళకి ఆ పోయిన ఒక్క నక్షత్రం ఎక్కడ పోయిందో చెబుతాను.

పిల్లల, కుర్రకారు మానసిక ఆరోగ్యం నా పని. పదకొండేళ్ళుగా పల్లెల మధ్య తిరుగుతూ చేస్తున్నాను. నేను చూసుకునే ఊళ్ళన్నిటికీ కలిపి పిల్లల సైకియాట్రిస్టు ఒక్కరూ లేరు. నెలకోసారి వీడియోలో ఒకరు దొరుకుతారు, అదీ సిగ్నల్ దయ ఉంటే. నాకంటూ ఒక గది లేదు. బడిలో ఆటసామాను పెట్టుకునే కొట్టు, టీకాలు వెయ్యని రోజుల్లో ఆరోగ్య కేంద్రంలోని టీకాల గది, ఏదీ దొరక్కపోతే కారు. ఆ కారు వెనక సీటు మీద నాలుగు వస్తువులు ఎప్పుడూ ఉంటాయి: రంగు పెన్సిళ్ళ డబ్బా, తెల్ల కాగితాలు, టిష్యూల పెట్టె, ఎస్‌డీక్యూ ఫారాల కట్ట. ఈ సమీక్ష ఆ నాలుగోదాని మీద.

పూర్తి పేరు స్ట్రెంత్స్ అండ్ డిఫికల్టీస్ క్వశ్చనేర్. బ్రిటన్‌లో పిల్లల సైకియాట్రిస్టు రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రచురించాడు. ఒక్క పేజీ, 25 వాక్యాలు. ప్రతి వాక్యానికీ ఎదురుగా మూడు గళ్ళు: నిజం కాదు, కొంతవరకు నిజం, కచ్చితంగా నిజం. గడిచిన ఆరు నెలల్లో పిల్లవాడు ఎలా ఉన్నాడో తలుచుకుని టిక్కు పెట్టాలి. వాక్యాలు అయిదేసి చొప్పున అయిదు గుంపులు. బెంగా భయమూ ఒకటి, ప్రవర్తన ఒకటి, నిలకడా ధ్యాసా ఒకటి, తోటిపిల్లలతో పొత్తు ఒకటి, ఎదుటివాళ్ళ పట్ల మంచితనం ఒకటి. మొదటి నాలుగూ కూడితే 0 నుంచి 40 లోపు ఒక మొత్తం వస్తుంది. మంచితనాన్ని అందులో కలపరు, దాని లెక్క విడిగా ఉంటుంది. అమ్మానాన్నలకి ఒక ఫారం, టీచరుకి ఒకటి, 11 నుంచి 17 ఏళ్ళ వాళ్ళు సొంతంగా నింపుకోవడానికి ఒకటి. లాభాపేక్ష లేని వాడుకకి కాగితం ప్రతి ఉచితం. ఎనభైకి పైగా భాషల్లో ఉంది. కాకపోతే అందులోని మాటలు మన ఇష్టానికి మార్చుకోకూడదు. ఆ షరతు మీద ఒకప్పుడు నాకు చాలా కోపం ఉండేది, ఇప్పుడు లేదు. కారణం కింద వస్తుంది.

నాకు దీని మీద మొదట ఇష్టం కలగడానికి కారణం లెక్కలు కాదు, మొదటి వాక్యం. ఎదుటివాళ్ళ మనసు కనిపెట్టి నడుచుకుంటాడు అన్నది మొదటి వాక్యం. మొత్తం 25లో పది వాక్యాలు పిల్లవాడిలోని మంచిని అడుగుతాయి. బడికి పిలిపించిన తల్లి ఎలా వస్తుందో ఈ పనిలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. పని మధ్యలో వదిలేసి, చేతులు కడుక్కుని, ఏం వినాల్సొస్తుందోనని గుండె చిక్కబట్టుకుని వస్తుంది. ఏ కాగితం ఇచ్చినా అందులో తన పెంపకం మీద నేరం ఎక్కడ రాసి ఉందా అని వెతుక్కుంటుంది. అలాంటి మనిషిని మీవాడు చిన్నపిల్లలతో ప్రేమగా ఉంటాడా అని అడిగి చూడండి. భుజాలు కిందికి దిగుతాయి. వందకి పైగా ప్రశ్నలున్న పెద్ద ఫారాలు కూడా నా దగ్గరున్నాయి, వాటిలో లోతు ఎక్కువ, కాదనను. కానీ నలభయ్యో ప్రశ్న దాటేసరికి ఆ తల్లి బస్సు వేళ చూసుకుంటుంది. ఉన్న బస్సు ఒక్కటే అయినప్పుడు ఆవిడ తప్పేమీ లేదు.

దీని పూర్వీకుల కథ కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అది మా పనికి దగ్గర. గుడ్‌మన్ తన ఫారాన్ని బ్రిటన్‌లోనే ఇంకో పిల్లల సైకియాట్రిస్టు మైకేల్ రట్టర్ 1960ల్లో తయారుచేసిన ప్రశ్నావళుల మీద కట్టుకున్నాడు. ఆ దశకం నడుమ రట్టర్ బృందం ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని ఐల్ ఆఫ్ వైట్ అనే ద్వీపంలో, అంటే చిన్న పట్టణాలూ పల్లెలూ ఉన్న చోట, 10, 11 ఏళ్ళ పిల్లలని సర్వే చేసింది. తర్వాత లండన్ నడిబొడ్డున ఒక ప్రాంతంతో పోల్చి చూస్తే, ఇబ్బందులున్న పిల్లలు ద్వీపంలో కంటే నగరంలో దాదాపు రెట్టింపు ఉన్నారు. పల్లె పిల్లలు హాయిగా ఉంటారు, వాళ్ళకేం బాధలుంటాయి అని నాతో వాదించేవాళ్ళకి ఇది మంచి ఆయుధం. ఒక చోట ఒక కాలంలో దొరికిన తేడా అది, ప్రతి పల్లెకీ ఇచ్చిన ఆరోగ్య పత్రం కాదు. పైగా ఆ ద్వీపంలోనూ ఇబ్బందులున్న పిల్లలు దొరికారు. వాళ్ళలో సాయం అందినవాళ్ళు కొద్దిమందే.

ఇక వాడకం. పల్లెలో ఈ ఫారం తీస్తే కొన్ని వాక్యాలకి అర్థం మారిపోతుంది. ఒంటరిగా ఉంటాడు, ఒక్కడే ఆడుకుంటాడు అన్న వాక్యం చూడండి. తోటిపిల్లల పొత్తులో ఇబ్బంది లెక్కకి వస్తుంది అది. పొలాల మధ్య విడిగా ఉన్న ఇంట్లో, పక్కిల్లు అరగంట నడకైతే, వాడు ఒక్కడే ఆడుకోక ఎవరితో ఆడుకుంటాడు? కనీసం ఒక మంచి స్నేహితుడున్నాడు అన్నది ఇంకొకటి. ఉండేవాడు, పనులు లేక వాళ్ళ కుటుంబం ఊరు వదిలి వెళ్ళిపోయింది. తోటిపిల్లల కంటే పెద్దవాళ్ళతోనే బాగా కలుస్తాడు అన్నది 23వ వాక్యం. తెల్లవారుజాము నుంచి పెద్దవాళ్ళతో సమానంగా పని చేసే పిల్లవాడు వాళ్ళతోనే కలుస్తాడు. ఈ మూడూ కలిసి ఏ బాధా లేని పిల్లవాడికి ఆరు మార్కులు అంటగట్టగలవు. నేను ఆ టిక్కులు చెరపను. పక్కన పెన్సిల్‌తో ఇల్లు ఎక్కడ, ఎంత దూరం అని రాసుకుంటాను.

మాటలు మార్చకూడదన్న షరతు మీద కోపం ఎందుకు పోయిందంటే, తొలి ఏడాది నేను ఈ వాక్యాలని ఊరికి తగ్గట్టు సర్ది చదివేదాన్ని. చదవడం రాని తల్లికి చదివి వినిపించేటప్పుడు దొంగతనం అన్న మాట అనలేక, అడక్కుండా ఏమైనా తీసుకుంటాడా అనేదాన్ని. అడక్కుండా తియ్యని పిల్లవాడు ఎక్కడుంటాడు? డబ్బాలో బెల్లం తీసినవాడికీ సొమ్ము తీసినవాడికీ ఒకే టిక్కు పడింది. మెత్తగా అడిగి అర్థాన్ని కూడా మెత్తబరిచేశాను. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టే చదువుతాను, చదివాక కళ్ళు ఎత్తకుండా ఆగుతాను. ఆ ఆగడం నేర్చుకోవడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది.

ఇంకో చిక్కు కొంతవరకు నిజం అన్న మధ్య గడి. అది పల్లెలో మర్యాద గడి. అవునంటే ఇంటి పరువు, కాదంటే అబద్ధం, కాబట్టి కొంతవరకు. ఒకావిడ 25కీ 25 అక్కడే పెట్టి నా చేతికిచ్చింది. ఆ ఫారం లెక్కకి పనికిరాదు గానీ, ఆవిడ నా గురించి ఏమనుకుంటోందో అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

ఆవిడకి అంత జాగ్రత్త ఎందుకో అర్థం చేసుకోవాలి. మాలాంటి చోట ఫారం ఎన్ని చేతులు మారుతుందో నగరంలో పనిచేసేవాళ్ళు ఊహించరు. టీచరు ఆ పిల్లవాడి మేనత్త అవుతుంది. ఆఫీసు గుమాస్తా వాళ్ళ పక్కింటాయన. ఆరోగ్య కేంద్రంలో చీటీ రాసే అమ్మాయి వాళ్ళ అక్కతో కలిసి చదువుకుంది. నా కారు బడి ముందు ఆగితే మధ్యాహ్నానికల్లా ఎవరి కోసం వచ్చిందో ఊరంతా తేల్చేస్తుంది, తరచూ తప్పుగా. అందుకని మూడు పద్ధతులు పెట్టుకున్నాను. టీచరు ఫారం కవరులో పెట్టి అంటించి నా చేతికే ఇవ్వాలి. పిల్లలని పేరు పెట్టి క్లాసులోంచి పిలిపించను, వెళ్ళిన ప్రతిసారీ సంబంధం లేని నలుగురైదుగురితో కూడా మాట్లాడతాను. ఫారం మీద పేరు బదులు నా నోటుబుక్కులోని నంబరు ఉంటుంది. ఇవేవీ ఫారంతో పాటు రావు, ఎవరికి వాళ్ళు కట్టుకోవాల్సిందే.

ఇప్పుడు ఈ సమీక్షకి అసలు కారణమైన పిల్ల. వివరాలు మార్చాను, మార్కులు మార్చలేదు.

పద్నాలుగేళ్ళది. కడుపునొప్పి అని ఆ ఏడాది ఆరుసార్లు ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. పరీక్షల్లో ఏమీ తేలక నర్సు నాకు చెప్పింది. తల్లి ఫారం మొత్తం 9. తల్లిదండ్రుల ఫారానికి 13 వరకూ మామూలే. ఒక్క కడుపునొప్పి వాక్యానికి మాత్రం కచ్చితంగా నిజం అని టిక్కు గట్టిగా పడింది. టీచరు ఫారం మొత్తం 6, వాళ్ళకి 11 వరకూ మామూలు. మంచితనంలో పదికి పది. ఇలాంటి పిల్లలు ఇంకో నలుగురుంటే చాలు మేడమ్ అని టీచరు నోటితో కూడా చెప్పింది. ఆ ఇద్దరి మాటా పట్టుకుంటే కేసు మూసేసి ఇంటికెళ్ళొచ్చు.

పిల్ల సొంతంగా నింపిన ఫారం 22. సొంత ఫారానికి 15 వరకూ మామూలు, 20 గానీ అంతకు మించి గానీ వస్తే ఎక్కువ కింద లెక్క. బెంగా భయాల గుంపులోనే పదికి తొమ్మిది.

మూడు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఎవరూ అబద్ధం చెప్పలేదు. పిల్లల గురించి వేర్వేరు మనుషులు చెప్పేవి ఎంతవరకు కలుస్తాయో 1987లో అమెరికా సైకాలజిస్టు ఆఖెన్‌బాక్ బృందం 119 అధ్యయనాలు దగ్గర పెట్టుకుని లెక్క తీసింది. ఒకే రకం మనుషుల మధ్య, అంటే తల్లీ తండ్రీ లాంటి వాళ్ళ మధ్య, పొంతన 0.60 దాకా ఉంది (పూర్తిగా కలిస్తే 1, అసలు కలవకపోతే 0). వేర్వేరు రకాల మనుషుల మధ్య, అంటే తల్లిదండ్రులూ టీచర్లూ లాంటి వాళ్ళ మధ్య, 0.28కి పడిపోయింది. పిల్లల సొంత మాటకీ మిగతావాళ్ళ మాటకీ అయితే 0.22. కాబట్టి మూడు ఫారాలు కలవకపోవడం ఫారం లోపం కాదు. ఒకే పిల్ల మూడు చోట్ల మూడు రకాలుగా బతుకుతోందన్నమాట. అందరికీ ఉపయోగపడే పిల్లని ఎవరూ అనుమానించరు. ఇంట్లో తమ్ముళ్ళని చూసుకుంటుంది, బడిలో బోర్డు తుడుస్తుంది, తనకేమీ అక్కర్లేదు.

ఇక్కడే ఆ నక్షత్రం పోయింది. 25 వాక్యాల్లో బతుకు మీద విరక్తి గురించి ఒక్కటీ లేదు. తనని తాను గాయపరచుకోవడం గురించి లేదు. మనసు బాగోలేదు, దిగులుగా ఉంటాను అన్న వాక్యం ఉంది, అంతకు మించి లోపలికి వెళ్ళదు. 22 వచ్చిన పిల్ల ప్రమాదంలో ఉందో లేదో ఫారం చెప్పదు, నోరు తెరిచి అడగాల్సింది మనమే. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడేవాళ్ళు ఇప్పటికీ నాకు తగులుతుంటారు. అడగడం వల్ల ఆ ఆలోచనలు పెరగవని పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి.

అంతకుముందే ఆ పిల్లకి చెప్పాను: నువ్వు చెప్పేవి నా దగ్గరే ఉంటాయి, నీ ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే మాత్రం ఒక్కదాన్నే మోయను, నీకు చెప్పిన తర్వాతే ఇంకొకరికి చెబుతాను. తర్వాత అడిగాను, బతకాలనిపించని రోజులున్నాయా అని.

తను నా వైపు చూడలేదు. తలుపు వైపు చూసి, "మీ కారు గేటు ముందే ఆపారా?" అంది.

"లేదు, ఆరోగ్య కేంద్రం వెనక ఆపి నడిచొచ్చాను."

అప్పుడు చెప్పింది, ఉన్నాయని.

ఆ రోజు బడి అయిపోయాక కూడా కూర్చుని భద్రతా ప్రణాళిక రాసుకున్నాం. అమెరికా సైకాలజిస్టులు బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ తయారుచేసిన పద్ధతి అది. ప్రమాదం ముంచుకొచ్చేముందు తనలో కనపడే గుర్తులు, ఒంటరిగా ఉన్నప్పుడు తను చేయగలిగే పనులు, ధ్యాస మళ్ళించే చోట్లూ మనుషులూ, సాయం అడగగలిగే సొంతవాళ్ళు, వైద్యులూ ఫోన్ నంబర్లూ, చివరగా ఇంట్లో ప్రమాదకరమైనవి అందకుండా చేయడం. సాయం అడగగలిగే వాళ్ళ పేర్లు అయిదు రాసింది. రాసి కాసేపు చూసి మూడు కొట్టేసింది. ఒకరు ఇంకొకరికి చెప్పేస్తారట. నగరంలో పనిచేసే స్నేహితులకి ఇది చెబితే ఇంకో మూడు పేర్లు రాయించకపోయావా అన్నారు. ఎక్కణ్ణుంచి రాయించను? మిగిలిన రెండు పేర్లలో ఒకటి తల్లిదే కావడం మా అదృష్టం. ఆ సాయంత్రం పిల్ల పక్కన ఉండగానే ఆవిడతో మాట్లాడాను. తన ఫారంలోని 9ని ఆవిడకి చూపించలేదు. చూపిస్తే ఆ అంకె ఆవిడని జీవితాంతం కుళ్ళబొడుస్తుంది.

మొత్తం మార్కు తక్కువ వస్తే ఏమీ లేదని అనుకోకూడదని ఈ పిల్ల నేర్పిందని నేనంటే అది నా ఒక్కదాని మాట. 2000లో గుడ్‌మన్ బృందమే బ్రిటన్‌లో దాదాపు ఎనిమిది వేలమంది పిల్లల మీద తమ ఫారాన్ని పరీక్షించుకుంది. మూడు వైపులనుంచీ ఫారాలు తీసుకున్నప్పుడు, ఏ రుగ్మతా లేని పిల్లలని లేదని సరిగ్గా చెప్పింది 94.6 శాతం సార్లు. రుగ్మత ఉన్న పిల్లలని పట్టుకున్నది 63.3 శాతమే. ఒక్కరి ఫారం మీదే ఆధారపడితే పట్టుకోవడం ఇంకా బాగా తగ్గిపోయింది. టీచరు ఫారాలు తెప్పించడం కష్టం, తల్లి ఫారంతో సరిపెట్టేద్దాం అనే ఆఫీసులకి నేను చూపించే అంకెలు ఇవి. తయారుచేసినవాళ్ళే లోపాన్ని అంకెతో సహా అచ్చువేసుకున్న వస్తువుని నేను నమ్ముతాను.

దీనికి తలకిందుల కథ ఇంకొకటి, క్లుప్తంగా. తొమ్మిదేళ్ళ పిల్లవాడు. తల్లి ఫారం 8, టీచరు ఫారం 17, అందులో నిలకడలేనితనమే పదికి ఎనిమిది. ఏడీహెచ్‌డీ (కుదురూ ధ్యాసా నిలవని రుగ్మత) అయ్యుంటుందని టీచరు అప్పటికే నిశ్చయించేసుకుంది. నేనూ సగం నమ్మాను. ఫారంలో నిద్ర గురించి ఒక్క వాక్యం లేదు కదా, వాడినే అడిగాను ఎన్నింటికి లేస్తావని. ఇంకా చీకటి ఉండగానే లేచి పశువుల పని చూసి, గంటసేపు నడిచి బడికి వస్తాడు. కూర్చుంటే నిద్రొస్తుంది మేడమ్, అందుకే కదులుతూ ఉంటాను అన్నాడు. ఇంతకంటే మంచి రోగనిర్ధారణ నేనింతవరకు చెయ్యలేదు, వాడే చేసుకున్నాడు. పని వేళలు ఇంట్లో కాస్త సర్దారు, పూర్తిగా కాదు. వాడు ఇప్పటికీ కదులుతాడు, కాస్త తక్కువగా.

నా తప్పు కూడా చెప్పాలి, లేకపోతే సమీక్ష నిజాయితీగా ఉండదు. 25లో అయిదు వాక్యాలకి మార్కులు తిరగెయ్యాలి: 7, 11, 14, 21, 25. మిగతా ఇబ్బందుల వాక్యాలకి నిజం కాదు అంటే 0, కచ్చితంగా నిజం అంటే 2. ఈ అయిదూ మంచి సంగతులు కాబట్టి, చెప్పిన మాట వింటాడు, స్నేహితుడున్నాడు, తోటిపిల్లలకి ఇష్టం, ఆలోచించి చేస్తాడు, మొదలెట్టిన పని పూర్తిచేస్తాడు, వీటికి కచ్చితంగా నిజం అంటే 0 వెయ్యాలి. రెండో ఏడాది ఒక రాత్రి కారులో, పైనున్న చిన్న లైటు వెలుతురులో, పద్నాలుగు ఫారాలకి ఆ తిరగెయ్యడం మర్చిపోయి మార్కులు వేశాను. బుద్ధిమంతుడికి 6 రావాల్సింది 16 వచ్చింది. తరగతిలో సగంమందికి ఏదో ఉందని పొద్దున్నే హెడ్‌మాస్టరు ముందు గంభీరంగా కూర్చుని చెప్పాను. ఆయన ఒక పేరు చూసి, ఈ పిల్లాడు మా పక్కింటి వాడండీ అన్నాడు, నమ్మలేనట్టు. మళ్ళీ లెక్కపెట్టుకుంటే తెలిసింది. సిగ్గుతో చచ్చిపోవడం ఒక ఎత్తు. అదే తప్పు, నిజంగా ఇబ్బందిలో ఉన్న ఒక పిల్లవాడికి మార్కులు తగ్గించి మామూలు గుంపులో పడేసింది, అది ఇంకో ఎత్తు. ఇంటర్నెట్ ఉంటే మార్కులు వేసిపెట్టే సదుపాయం ఉంది. లేనిచోట మార్కులేసే పారదర్శక షీటు దగ్గర పెట్టుకోండి, అలిసిపోయి ఉన్నప్పుడు మాత్రం ముట్టుకోకండి.

తల్లిదండ్రుల ఫారంలో 13 వరకు మామూలు, 17 నుంచి ఎక్కువ అన్న గీతల మీద కూడా ఒక మాట. ఆ గీతలు బ్రిటన్ పిల్లలని చూసి, వందలో ఎనభైమంది మామూలులో పడేట్టు గీసినవి. ఇంకో దేశంలో, ఇంకో పల్లెలో ఆ 17కి అదే బరువు ఉండాలని లేదు. నార్వే నుంచి యెమెన్ దాకా ఏడు దేశాల పిల్లల వివరాలు పోల్చి, ఫారంలో మార్కు తేడా ఉన్నంతమాత్రాన జబ్బులో తేడా ఉన్నట్టు కాదని 2012లో చెప్పిన వ్యాసంలో గుడ్‌మన్ పేరు కూడా ఉంది. నా పై ఆఫీసు మాత్రం ప్రతి మూడు నెలలకీ ఊరువారీగా సగటు మార్కులు అడుగుతూనే ఉంటుంది. పంపుతూనే ఉంటాను. ఏ ఊళ్ళో పిల్లలు ఎలా ఉన్నారో ఆ సగటులో కనపడదు. ఏ ఊళ్ళో తల్లులు నన్ను నమ్మడం మొదలుపెట్టారో మాత్రం కనపడుతుంది. మార్కులు పెరిగిన ఊళ్ళన్నీ అవే.

వెనక పేజీ గురించి ఎవరూ మాట్లాడరు, నాకు మాత్రం ముందు పేజీ కంటే అదే విలువైనది. ఫారం తీసుకునేటప్పుడు ప్రభావం ప్రశ్నలున్న ప్రతినే తీసుకోండి. మొత్తం మీద ఇబ్బంది ఉందా, ఎన్నాళ్ళుగా, పిల్లవాడికి బాధ కలిగిస్తోందా, ఇంట్లో, స్నేహాల్లో, చదువులో, ఆటపాటల్లో అడ్డొస్తోందా, మీకు బరువుగా ఉందా అని అడుగుతుంది. పద్నాలుగేళ్ళ పిల్ల తల్లి ముందు పేజీలో 9 వేసింది. వెనక పేజీలో మీకు బరువుగా ఉందా అన్నదానికి చాలా అని పెట్టింది. మొదటిసారి నేను దాన్ని సరిగ్గా చూడలేదు. ఆవిడకి ఏదో తెలుసు, ఏమిటో తెలియదు.

కొంతకాలం పోయాక వాడే ఫారం వేరే ఉంది. అది ఆరు నెలల బదులు గడిచిన నెల గురించి అడుగుతుంది. అదనంగా రెండు ప్రశ్నలు: ఇక్కడికి రావడం మొదలెట్టాక ఇబ్బందులు పెరిగాయా తగ్గాయా అన్నది మొదటిది. ఇబ్బంది తగ్గినా తగ్గకపోయినా, దాన్ని భరించడం కాస్త తేలికైందా అన్న అర్థం వచ్చేది రెండోది. నెలకి రెండుసార్లు కంటే ఎక్కువ వెళ్ళలేని చోట, వర్షం వస్తే అదీ లేని చోట, నేను నిజంగా ఏం చేయగలనో ఆ రెండో ప్రశ్న వేసినవాళ్ళకి తెలుసు.

ఆ పిల్ల నాలుగు నెలల తర్వాత ఆ ఫారం నింపింది. 22 కాస్తా 16 అయింది. ఇంకా గీత మీదే ఉంది, నేనేమీ గొప్పలు చెప్పుకోను. కడుపునొప్పికి కొంతవరకు నిజం. ముందు పేజీ అడుగున, ఇంకేమైనా చెప్పాలనుకుంటే రాయండి అని కాస్త ఖాళీ ఉంటుంది. పదకొండేళ్ళలో అక్కడ ఏమైనా రాసిన పిల్లలని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తను చిన్న అక్షరాలతో రాసింది: "23వదానిలో పెద్దవాళ్ళు అంటే మీరు కూడా లెక్కేనా?"